ఊకపొయ్యి దగ్గర జంట మాటలు

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక మేం కిరాయికి ఉన్న వరుస గదుల గోడలు పేరుకే గోడలు. ఒక గదిలో తాలింపు వేస్తే నాలుగో గదిలో తుమ్ముతారు. ఒక వానాకాలం మా పక్క గదిలోకి బీహారు ఆలుమగలు దిగారు. ఆయన మిల్లులో హమాలీ. ఆమె నాకంటే బాగా చిన్నది, మెడ నిండా చెమట పొక్కులు, ఎప్పుడూ ఒకటే ఆకుపచ్చ చీర. వచ్చిన రోజే గుమ్మంలో నిలబడి చేతులు తిప్పుతూ, "తెలుగు నహీ, దీదీ" అంది. ఆ మాట నేను నమ్మాను. ఎందుకు నమ్మను? తెలుగు రాదని ఎవరైనా అబద్ధం చెప్తారా?

నా చదువు నాలుగో తరగతితో ఆగింది. గరిడేపల్లి దగ్గర మా ఊళ్లో నాట్ల రోజుల్లో బడి మానిన పిల్లను, మళ్లీ వెళ్లలేదు. కానీ విన్న మాట నా దగ్గర నుంచి ఎటూ పోదు. ఫలానా పెళ్లిలో ఎవరు ఎవరిని ఏ మాట అన్నారు, అప్పుడు వడ్డిస్తున్న కూర ఏది, ఇప్పటికీ చెప్తాను. మా ఇంటాయన దీనికి భయపడేవాడు. "నీ ముంగట నోరు దెరువొద్దు. ఇరవయేండ్ల తర్వాత గూడ తీసి సూపిస్తవ్" అనేవాడు.

నేను హమాలీలకు వండిపెట్టేదాన్ని. మిల్లులో ఊకకు కొదవ లేదు కాబట్టి ఊకపొయ్యి పెట్టుకున్నాను. తెలుగు హమాలీలు ఉన్నన్నాళ్లు అన్నం, పప్పు, పచ్చిపులుసుతో గడిచిపోయింది. తర్వాత తర్వాత మూటలెత్తే పనికి అందరూ బీహారు వాళ్లే వచ్చారు. వాళ్లకు రాత్రి పూట రొట్టె కావాలి. నేను రొట్టెలు చేస్తే చెప్పుల అట్టల్లాగా వచ్చేవి. వాళ్లు మర్యాదస్తులు, తినలేక నీళ్లలో నానబెట్టుకుని తినేవాళ్లు. అది చూసి పక్కగది ఆమె ఒకరోజు వచ్చి, ఏమీ అనకుండా నా చేతిలోంచి చపాతీ కర్ర లాక్కుంది.

పిండి ఎట్లా తడపాలో, ఎంతసేపు తడిగుడ్డ కింద ఉంచాలో, ఎప్పుడు పెనం మీద నుంచి తీసి నిప్పుల మీద వేయాలో అంతా చేత్తోనే చెప్పింది. మధ్యలో పిండిని చూపించి "ఆటా" అంది.

"ఆటనా? మా దగ్గర ఆటంటే గిది" అని నేను పిండి చేతులతోనే లేచి, వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడినట్టు ఒంటికాలి మీద గెంతాను. ఈ వయసులో, ఈ ఒళ్లుతో. ఆమె నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. మా ఇంటాయన అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆయన ఒకప్పుడు మేళ్లచెరువు సిమెంటు లారీ నడిపి నాగపూరు దాకా పోయొచ్చిన మనిషి, రోడ్డు మీది హిందీ వచ్చు. ఆమెకు అటు, నాకు ఇటు చెప్పాడు.

అట్లా మొదలైంది. సాయంత్రం పిండి కలిపేటప్పుడు ఇద్దరం అటూ ఇటూ వెతికి జంట మాటలు పట్టుకొచ్చేవాళ్లం. నోట్లో ఒకే తీరుగా పలికేవి, అర్థానికి ఒకదానికొకటి ఏమీ కానివి. మనకు పని అంటే చాకిరీ, వాళ్లకు పానీ అంటే నీళ్లు. నేను "పని పని" అని మొత్తుకుంటుంటే ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టేది, కావాలనే. మనకు కాకి నల్లది, వాళ్లకు కాకీ అంటే చిన్నమ్మ. గోడ మీద కాకి వాలితే ఆమె చెంగు తల మీదికి లాక్కుని దానికి దండం పెట్టేది. బడి అంటే నేను మానేసింది, బడీ అంటే వాళ్లకు పెద్దది. ఇక గాలి. "ఉక్కపోస్తోంది, జర గాలి కొట్టు" అని నేను మా ఇంటాయనతో అంటే, వాళ్లకు గాలీ అంటే తిట్టు అని ఆయన చెప్పాడు. ఆ రోజు ఆమె నవ్వు ఆగలేదు. విసనకర్ర తీసుకుని నాకు విసురుతూ, ఒక్కో విసురుకు ఒక్కో తిట్టు తిట్టింది. నేను చెవులు మూసుకుని నవ్వాను. ఎక్కడో పుట్టిన మాటలు, ఒకదాని మొహం ఒకటి చూడనివి, మా ఊకపొయ్యి దగ్గర కలిసి కూర్చున్నాయే అని నాకు అబ్బురంగా ఉండేది.

ఈ ఆటలో ఒకటి జరిగింది. ఏడాది తిరిగేసరికి నాకు వాళ్ల మాట వచ్చేసింది. హమాలీలు వాళ్లలో వాళ్లు అనుకునేది కూడా తెలిసేది. ఆమెకు మాత్రం తెలుగు రాలేదు. "రండి, కూర్చోండి, తినండి" దాటి ముందుకు పోలేదు. ఆ మూడు మాటలు కూడా తప్పు తప్పుగా అనేది. నేను కోదాడలో ఉన్న మా చెల్లెతో ఫోన్లో అనేదాన్ని: "పాపం, మంచిదే గని దానికి నోరు తిరుగదు."

మా చెల్లెతో రోజూ మాట్లాడతాను. చేతులకు పిండి ఉంటుంది కాబట్టి ఫోను గూట్లో పెట్టి స్పీకర్ వేస్తాను. మా వాడలో అందరం ఇంతే. బీహారు వాళ్లు పక్కనే ఉన్నా సరే, ఇంటి గుట్టంతా గట్టిగా మాట్లాడుకుంటాం. గోడ ముందు మాట్లాడినట్టు, బర్రె ముందు మాట్లాడినట్టు. వాళ్ల గురించి వాళ్ల ముందే మాట్లాడతాం.

ఆ ఏడు ఎండాకాలంలో మా గదుల ఓనరు వచ్చి గోడలు చూశాడు. ఊక పొగకు నల్లగా అయ్యాయి. "అమ్మా, దసరా దాకా సూస్త. ఆ తర్వాత ఈ హోటల్ దందా ఈడ బంద్. ఇంటిమందం వండుకో, ఇంతమందికి వద్దు" అన్నాడు. బతిమాలాను. వినలేదు. మా ఇంటాయన తుంటి పట్టేసి లారీ దిగి అప్పటికే చాలా రోజులైంది. ఇంట్లో నడుస్తున్నది నా పొయ్యి ఒక్కటే.

అదే సమయంలో మిల్లు గేటు ముందున్న రేకుల షెడ్డు ఖాళీ అయింది. అందులో పాన్ డబ్బా పెట్టుకున్న ముసలాయన చివ్వెంలలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ షెడ్డు మిల్లు సేటుది. గేటులోంచి హమాలీ బయట కాలు పెడితే ఎదురుగా అదే. అక్కడ నా పొయ్యి పెట్టుకుంటే ఏ ఓనరూ ఏమీ అనడు. నాకు రాత్రీ పగలూ అదే ధ్యాస. గేటు ముందు నుంచి పోయినప్పుడల్లా పొయ్యి ఏ మూల, నీళ్ల డ్రమ్ము ఏ మూల అని లోపలికి తొంగి చూసేదాన్ని.

ఒక సాయంత్రం మా చెల్లె ఫోన్ చేసింది. పక్కగది ఆమె నా ఎదురుగా కూర్చుని పిండి ఉండలు చేస్తోంది.

"సేటును అడిగినవా అక్కా?"

"ఇప్పుడే అడుగనే. ఉత్తగ వోయి అడిగితే సూద్దాం అంటడు. దసరానాడు జమ్మి పట్టుకొని పోత. చేతుల జమ్మి వెట్టి, కాళ్లు మొక్కి అడిగితే ఆయన ఎవ్వరికీ కాదనడు. పోయినేడు వాచ్‌మన్‌కు గట్లనే గది ఇచ్చిండు."

"అయితే ఎవ్వరికీ జెప్పకు. నీ కడుపుల మాట ఆగదు."

"ఎవరికి జెప్త? ఈడ ఎవరున్నరు? ఈ పిల్ల ఉన్నది, పిండి పిసుకుతున్నది. దీనికి తెలుగొస్తే గద!"

చెల్లె నవ్వింది. నేను నవ్వాను. నవ్వులు విని ఆమె తలెత్తి, "క్యా హువా దీదీ?" అని అడిగింది. ఏం లేదు, నీ రొట్టెలు మెత్తగా ఉన్నాయంటున్నాం అని వాళ్ల భాషలోనే చెప్పాను. ఆమె సిగ్గుపడి తల దించుకుంది. ఆ సిగ్గును నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో.

మనం దసరాకు యంత్రాలకు పూజ చేస్తాం. బీహారు వాళ్లకు దసరా కంటే ముందే విశ్వకర్మ పూజ ఉంటుంది. ఆ రోజు మిల్లు ఆపేసి మిషన్లకు బంతిపూల దండలు వేస్తారు, బూందీ పంచుతారు. సేటు కూడా వచ్చి బొట్టు పెట్టించుకుంటాడు. ఆమె నన్ను పిలిచింది. నేను వాళ్ల పూజకు గంపెడు పులిహోర కలిపి పంపాను, బంతిపూలు దండ గుచ్చి ఇచ్చాను. తుంటి నొప్పితో ఉన్న మనిషికి మందు రాయాల్సి ఉండి నేను వెళ్లలేదు.

సాయంత్రం గేటు వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. పూజ అయిపోయాక, సేటు నుదుటి మీద బొట్టు ఆరకముందే, హమాలీల మేస్త్రీ షెడ్డు అడిగాడట. మేస్త్రీ అంటే ఆమె బావ, భర్తకు అన్న. "మా పండగ రోజు మాకు ఒక వంట జాగా ఇయ్యండి" అని మనుషులందరితో కలిసి నిలబడ్డాడట. సేటు అక్కడికక్కడే తాళంచెవి ఇచ్చేశాడు. వండేది ఎవరు? ఆమే.

నేను వాకిట్లోనే కూలబడ్డాను. ఆమె పరిగెత్తుకుంటూ వచ్చి నా చేతులు పట్టుకుంది. తనకేమీ తెలియదంది. మగవాళ్లు వాళ్లలో వాళ్లు అనుకున్నారంది. కళ్లలో నీళ్లు కూడా పెట్టుకుంది. నేను నమ్మాను. ఇంకా చెప్పాలంటే నేనే ఆమెను ఊరుకోబెట్టాను. నా కర్మ, నువ్వేం చేస్తావు బిడ్డా అన్నాను. మా ఇంటాయన మాత్రం బీడీ ఆర్పి, "మంచి టైం జూసి అడిగిండ్రు" అన్నాడు.

తర్వాత కొద్ది రోజులకు మా చెల్లెకు సూర్యాపేటలో కంటి పరీక్ష ఉంటే నేనూ వెళ్లాను. దవాఖాన నుంచి బస్టాండుకు వచ్చాం. జామకాయల బండి దగ్గర ఒకామె అటు తిరిగి నిలబడి బండి ఆమెతో గట్టిగా మాట్లాడుతోంది.

"ఏంటమ్మా ఇది, పైన దోరవి పెట్టి అడుగున అన్నీ మెత్తబడ్డవే వేశావు? నేనేమన్నా కొత్తదాన్ని అనుకున్నావా? తీసెయ్, ఇట్టాంటివి నాకొద్దు."

మా చెల్లె నా భుజం గిల్లి, "మా కోదాడామె లెక్కుంది సూడు. ఆ అడుగుడు జూస్తెనే తెలుస్తది" అంది.

నేను మాట వినలేదు, గొంతు విన్నాను. ఆకుపచ్చ చీర చూశాను. మెడ మీద చెమట పొక్కులు చూశాను.

ఆమె తిరిగింది. నన్ను చూసింది. "దీదీ! ఆప్ యహా?" అంది.

నేను తెలుగులోనే అడిగాను. "జామకాయలు మంచిగలేవా?"

బండి ఆమెకు మా సంగతి ఏం తెలుసు? "ఏమ్మా, మంచియి ఏరిపెట్టిన, తీస్కుంటవా తీస్కోవా?" అని సంచీ చాపింది. ఆమె నా మొహం వైపే చూస్తూ, "ఇవ్వు" అంది. తెలుగులో. తప్పు లేకుండా.

మా చెల్లె కోదాడ బస్సు ఎక్కింది. మిర్యాలగూడ బస్సులో ఆమె వచ్చి నా పక్కనే కూర్చుంది. నేను లేచి వేరే సీటుకు పోవాల్సింది. పోలేదు. తెలుసుకోవాలని ఉంది.

"అక్కా" అంది. ఇన్నాళ్లూ దీదీ. ఆ అక్కా అన్న పిలుపు నాకు చెంపదెబ్బలాగా తగిలింది.

"ఎప్పటి సంది వస్తది తెలుగు?"

"చిన్నప్పటి నుంచీ. మా నాన్న మేళ్లచెరువులో సిమెంటు బస్తాలు ఎత్తేవాడు. మేం కోదాడలోనే ఉండేవాళ్లం. పెళ్లికి ముందు మా ఊరు తీసుకెళ్లారు."

"మరి రాదని ఎందుకన్నవ్?"

"మా అమ్మకు ముందు తెలుగు వచ్చింది అక్కా, మా అందరికంటే ముందు. దాంతో ప్రతివాడూ అమ్మనే పిలిచేవాడు. వీళ్లకు అది చెప్పు, వాళ్లను ఇది అడుగు అని. అటువాళ్ల తిట్టు ఇటు, ఇటువాళ్ల తిట్టు అటు మోసేది. ఆఖరుకు ఏం గొడవైనా అమ్మే తప్పు చెప్పిందనేవాళ్లు. ఇక్కడికి వచ్చేటప్పుడు మా ఆయన ముందే చెప్పాడు, తెలుగు రాదను, హాయిగా ఉంటావు అని."

"సేటుకు రాదను. మేస్త్రీకి రాదను. నాకెందుకు రాదన్నవ్?"

"మొదటిరోజు అనేశాను. తర్వాత నువ్వు అన్నం పెట్టావు, ఆట మొదలుపెట్టావు. ఇంక ఎప్పుడు చెప్పను? చెప్తే ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటావు కదా."

బస్సు గుంటలో పడి లేచింది. ఆమె ఒళ్లో జామకాయల సంచీ పక్కకు జారితే నా చెయ్యి దానంతట అదే పట్టుకోబోయింది. వెనక్కి తీసుకున్నాను.

"షెడ్డు ముచ్చట నువ్వే చెప్పినవ్."

ఆమె కిటికీ వైపు చూసింది. "ఇంటికెళ్లి ఆయనతో అన్నాను. ఊరికే అన్నాను అక్కా, అక్క దసరాకు జమ్మి పట్టుకుని అడుగుతుందంట అని. ఆయన వాళ్ల అన్నతో అన్నాడు. దసరా దాకా ఎందుకు, మన పూజ ముందే ఉంది కదా అన్నాడు మా బావ."

"ఓనరు నా పొయ్యి తీసెయ్యమన్నది గూడ విన్నవ్ గద?"

"విన్నాను."

"మా ఆయన తుంటి సంగతి?"

"అన్నీ విన్నాను అక్కా."

నేను ఇంకొకటే అడిగాను. నాకు షెడ్డు కంటే అదే కావాలనిపించింది ఆ నిమిషం. "గాలి అంటే తిట్టు అన్ననాడు, అంత నవ్వు నవ్వినవ్. నీకు ముందే తెలుసు. మరి ఎందుకు నవ్వినవ్?"

"ఆ నవ్వు నిజమే" అంది.

నిజమే కావచ్చు. దాన్ని ఇప్పుడు ఎట్లా తెలుసుకోవాలి? ఆమె మాటే కదా దానికి ఆధారం.

బస్సు దిగాక వేరు వేరుగా నడిచాం. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. నా జ్ఞాపకమే నాకు శత్రువైంది. ఏడాదికి పైగా ఆమె ముందు నేను తెలుగులో అన్న ప్రతి మాటా లేచి వచ్చింది. మా మరిది తాగి వచ్చిన సంగతి. నాకు పిల్లలు నిలవని సంగతి, అది మా ఇంటాయనకు, మా చెల్లెకు తప్ప ఎవరికీ తెలియదు. మా ఇంటాయన రాత్రి నొప్పికి ఏడుస్తాడని చెప్పింది. ప్రతి మాట పక్కన ఆమె చేతులు కనపడేవి, పిండి ఉండ చేస్తూ, ఏ మాట దగ్గరా ఆగకుండా. పిల్లల సంగతి చెప్పిన రోజు ఒక్కసారి ఆ చేతులు ఆగాయి. అప్పుడు పిండిలో రాయేదో తగిలిందనుకున్నాను. మిగతా జంట మాటలన్నీ కూడా మళ్లీ విన్నాను. కాకి, బడి, పని. నేను వెతికి వెతికి తెచ్చి ఆమె ముందు పెడితే, అవన్నీ ఆమె ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న సామానే. నేను చూపించినప్పుడల్లా కొత్తగా చూసినట్టు చూసింది.

దసరా వచ్చింది. జమ్మి పట్టుకుని సేటు దగ్గరికి పోయే పని లేదు కదా, ఇంట్లోనే ఉన్నాను. పొద్దు గుంకే వేళ ఆమె వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. గుప్పిట్లో జమ్మి ఆకు. నేను ఏమీ అనకముందే నా చేతిలో పెట్టి, వంగి కాళ్లు ముట్టుకుంది.

"అక్కా, షెడ్డులో ఇద్దరం చేద్దాం. నువ్వు లేకుండా నాకు చేతకాదు. కూరలు నువ్వు, రొట్టెలు నేను. మా బావతో మాట్లాడాను, సరేనన్నాడు. కాదనకు."

నా చేతిలో జమ్మి చూసుకున్నాను. జమ్మి పెట్టి, కాళ్లు మొక్కి అడిగితే కాదనరు. ఆ మాట నాది. నా చెల్లెకు చెప్పుకున్నది. నా నోట్లోంచి తీసుకుపోయిన మాటతోనే నా ముందుకు వచ్చింది. ఆమెకు అది తెలిసి చేసిందో, నిజంగా మనసులోంచి వచ్చిందో నేను చెప్పలేను. ఇంతకు ముందైతే చెప్పేదాన్ని.

ఆమె వైపు చూసి, మెల్లగా, ఆమె నేర్పిన భాషలో, ఆమె నేర్పిన తీరుగానే అన్నాను.

"హమ్‌కో తెలుగు నహీ ఆతీ, బహెన్."

ఆమె ఏదో అనబోయింది. ఏ భాషలో అనాలో తోచక నిలబడిపోయింది. కాసేపటికి చెంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మా ఇంటాయన అరుగు మీద నుంచి అంతా విన్నాడు. "పండుగ పూట జమ్మి పట్టుకొని వస్తే కాదన్నవా?" అన్నాడు.

"నేను సేటును కాదు" అన్నాను.

మర్నాడు ఊకపొయ్యి పీకేశాను. ఓనరు గోడలకు సున్నం కొట్టించాడు. ఇప్పుడు నేను ఫంక్షన్ హాళ్లలో వంటవాళ్ల గుంపుతో పోతున్నాను. ఒక వారం సూర్యాపేట, ఒక వారం కోదాడ. నన్ను రొట్టెల దగ్గరే కూర్చోబెడతారు. మెత్తగా వస్తాయని పేరు. ఎవరు నేర్పారని అడిగితే ఏదో ఒకటి చెప్తాను.

ఆ గదిలోనే ఉన్నాం ఇంకా. ఆమె కూడా అవతలే. సాయంత్రాలు షెడ్డు నుంచి వచ్చి బీహారులో ఉన్న వాళ్ల అమ్మతో ఫోన్ మాట్లాడుతుంది. ఇంతకు ముందు నవ్వుకుంటూ, అరుచుకుంటూ మాట్లాడేది. ఇప్పుడు నేను ఇటు గిన్నె కదిపిన చప్పుడు వినగానే గొంతు తగ్గిస్తుంది. నాకు వాళ్ల భాష వచ్చని ఆమెకు తెలుసు.